స్ఫటికంలో కట్టేసిన ఎంజైమ్: గుమ్మం ఎంత వెడల్పు?

(విజయవాడలో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, కాస్త తగ్గించండి. ఉక్కపోస్తుందంటారా? ఒక్క గంట ఓర్చుకోండి.

ఇంట్లో పాలు తోడుపెడతారు కదా. నిన్నటి పెరుగులోంచి ఒక చెంచా ఇవాళ్టి పాలలోకి, ఇవాళ్టిది రేపటికి. ఎప్పటికీ అయిపోదు, ఎందుకంటే అందులో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు. ఎంజైముకి ఆ భాగ్యం లేదు. అది ఒట్టి ప్రోటీన్. నీళ్ళలో కరుగుతుంది, పని చేస్తుంది, పనయ్యాక సరుకుతోపాటే కలిసిపోయి ఉంటుంది. దాన్ని విడదీయడం ఒక ఖర్చు, మళ్ళీ కొత్తది కొనడం ఇంకో ఖర్చు. పైగా 60 డిగ్రీల వేడి తగిలినా, కాస్త ఎసిటోన్ తగిలినా విప్పుకుపోతుంది. ఒకసారి విప్పుకుపోయిందంటే, ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డు అవుతుందా? కాదు కదా.

మరేం చేస్తారు? ఏదో ఒక పూసకి అంటిస్తారు. రెజిన్ పూస, సిలికా పూస. తప్పులేదు, పరిశ్రమలో ఎక్కువగా జరిగేది అదే. కానీ ఒక్కసారి తూకం వేసి చూడండి. అలా తయారైన సరుకులో 90 నుంచి 99 శాతం బరువు పూసదే. మీరు రియాక్టర్లో పోసినదాంట్లో పని చేసేది నూటికి పదో, ఒకటో. మిగతాదంతా మోత బరువే. అయితే పూస లేకుండా ఎంజైమునే ఎంజైముకి కట్టేస్తే? ఎంజైమే పూస అయితే? ఇవాళ మాట్లాడుకునేది దాని గురించే. ఎంజైముని స్ఫటికంగా పెంచి, ఆ స్ఫటికంలో పక్కపక్కనున్న అణువులకి ముళ్ళు వేసేయడం. క్రాస్‌లింక్డ్ ఎంజైమ్ క్రిస్టల్స్. పొట్టిగా సీఎల్ఈసీ అంటారు.

స్ఫటికం అనగానే మీకేం గుర్తొస్తుంది? వన్‌టౌన్ కొట్లలో అమ్మే పటికబెల్లం. మధ్యలో దారం, దాని చుట్టూ పలకలు పలకలుగా పంచదార. ప్రోటీన్ స్ఫటికం కూడా పైకి అలాగే, అంచులు తేరి మెరుస్తూ ఉంటుంది. లోపల మాత్రం పోలికే లేదు. పటికబెల్లం స్ఫటికం లోపల పంచదార తప్ప ఇంకేం లేదు. ప్రోటీన్ స్ఫటికంలో దగ్గర దగ్గర సగం నీళ్ళే. ఈ మాట నమ్మమని అడగను, లెక్క వేద్దాం. కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్, బ్యాక్టీరియా గోడని కోసే ఎంజైమ్. దాని టెట్రాగోనల్ స్ఫటికం, అంటే అడుగు చతురస్రంగా ఉండే రకం. యూనిట్ సెల్, అంటే స్ఫటికంలో తిరిగి తిరిగి వచ్చే అతిచిన్న పెట్టె, 79, 79, 38 ఆంగ్‌స్ట్రామ్‌లు (నానోమీటరులో పదో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్). మూడూ గుణిస్తే సుమారు 2,37,000 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌లు. అందులో 8 అణువులు, ఒక్కోటి బరువు 14,300 డాల్టన్లు, మొత్తం 1,14,400. భాగించండి. డాల్టన్‌కి 2.07 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తుంది. ప్రోటీన్‌కి స్వయంగా కావాల్సింది 1.23 మాత్రమే. అంటే మిగిలిన 40 శాతం చోటు నీళ్ళది. లైసోజైమ్ కాస్త ఒత్తుగా సర్దుకునే రకం కాబట్టి 40. చాలా ప్రోటీన్లలో 50, కొన్నిట్లో 60 దాటుతుంది కూడా.

ఇదే లెక్కని ఇంకో వైపు నుంచి చూడండి. స్ఫటికంలో మిల్లీలీటరుకి 800 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంది. మీరు ల్యాబ్‌లో మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములు కరిగించడానికే తంటాలు పడతారు! ఇక్కడ 800, అదీ ప్రతి అణువూ మడత చెదరకుండా.

మరి ఆ 40 శాతం నీళ్ళు ఎక్కడున్నాయి? అణువుల మధ్య సందుల్లో. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పోయే సన్నటి సొరంగాలు అవి. ఈ సొరంగాల్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ విద్యలో బాగుపడేదీ చెడేదీ అంతా వాటి దగ్గరే. ముడివేసే మందు లోపలికి వెళ్ళేది ఆ దారినే, ఎంజైమ్ పని చేయాల్సిన పదార్థం, అదే సబ్‌స్ట్రేట్, వెళ్ళేది ఆ దారినే, సరుకు బయటికి రావాల్సిందీ ఆ దారినే. దారి ఒకటే, వెడల్పు కొన్ని నానోమీటర్లు.

కంటితో చూడాలంటే ఒక చిన్న పని చేయండి. స్ఫటికాలున్న చుక్కలో మిథిలీన్ బ్లూ కొద్దిగా, మరీ పలచగా కలిపి వేయండి. ప్రోటీన్ స్ఫటికమైతే రంగు లోపలికి పీల్చుకుంటుంది. కాసేపటికి చుట్టూ ఉన్న నీటి కన్నా స్ఫటికమే ముదురు నీలంగా కనపడుతుంది. ఉప్పు స్ఫటికమైతే తెల్లగానే ఉండిపోతుంది, దానికి సొరంగాల్లేవు. ఇంకో గుర్తు, సూదితో నొక్కండి. ఉప్పు అయితే టక్కుమని విరుగుతుంది. ప్రోటీన్ అయితే జున్నుముక్కలా నలిగిపోతుంది.

చరిత్ర రెండు ముక్కల్లో. అసలు ఎంజైమ్ అనేది ప్రోటీనేనా అని జనం కొట్టుకుంటున్న రోజుల్లో, 1926లో, జేమ్స్ సమ్నర్ జాక్‌బీన్ గింజల్లోంచి యూరియేజ్‌ని స్ఫటికాలుగా తీశాడు. 1946లో నోబెల్ వచ్చింది. 1964లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఫ్లోరాంటే కియోచో, ఫ్రెడ్రిక్ రిచర్డ్స్ కార్బాక్సిపెప్టిడేజ్ అనే ఎంజైమ్ స్ఫటికాల్ని గ్లూటరాల్డిహైడ్ అనే మందుతో ముడివేశారు. వాళ్ళకి కావాల్సింది ఉత్ప్రేరకం కాదు, ఎక్స్‌రే పనికి గట్టిగా నిలబడే స్ఫటికం. అయితే ముడిపడ్డాక కూడా ఎంజైమ్ పనిచేస్తోందని తేలింది. దాన్ని పరిశ్రమ సరుకుగా మలచడం 1990ల దాకా జరగలేదు. 1992లో థర్మోలైసిన్ స్ఫటికాల మీద వచ్చిన పేపరు దానికి ఊపు ఇచ్చింది.

థర్మోలైసిన్‌నే ఎందుకు తీసుకున్నారో ఆలోచించండి. అది ప్రోటీన్లని కోసే ఎంజైమ్. అదీ ప్రోటీనే. ద్రావణంలో ఉంటే ఏం చేస్తుంది? ఒకదాన్నొకటి కోసుకుంటాయి. వేడి పెరిగేకొద్దీ ఇంకా జోరుగా. స్ఫటికంలో కట్టేస్తే పక్కవాడు పక్కనే ఉన్నాడు కానీ చెయ్యి తిరగదు. కాబట్టి గంటల్లో చచ్చిపోయే ఎంజైమ్ రోజుల తరబడి నిలుస్తుంది. బయటి నుంచి ప్రోటీన్లని కోసే ఇంకో ఎంజైమ్ (ప్రోటియేజ్) వచ్చినా అంతే, సొరంగంలో పట్టదు.

చేతిలో పని

ఇక చేసే పద్ధతి. లైసోజైమ్‌తో మొదలుపెట్టండి, చవక, ఒక్క రాత్రిలో స్ఫటికాలు వస్తాయి. 250 మిల్లీగ్రాముల లైసోజైముని 5 మిల్లీలీటర్ల సోడియం అసిటేట్ బఫర్లో (పిహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) కరిగించండి, 50 మిల్లీమోలార్, పిహెచ్ 4.6. అదే బఫర్లో 10 శాతం సోడియం క్లోరైడ్ ఇంకో 5 మిల్లీలీటర్లు. రెండిటినీ విడివిడిగా 0.45 మైక్రాన్ ఫిల్టర్లో వడకట్టండి. తర్వాత ఉప్పు ద్రావణాన్ని ప్రోటీన్లోకి చుక్కచుక్కగా, మెల్లగా తిప్పుతూ పోయండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే? తెల్లటి బురద దిగుతుంది, స్ఫటికం కాదు. ఇప్పుడు 10 మిల్లీలీటర్లలో ప్రోటీన్ మిల్లీలీటరుకి 25 మిల్లీగ్రాములు, ఉప్పు 5 శాతం. 18 నుంచి 20 డిగ్రీల దగ్గర కదపకుండా తెల్లారేదాకా ఉంచండి.

ఆ 20 డిగ్రీలన్నది ఊరికే చెప్పలేదు. మన ఊళ్ళో మే నెలలో రాత్రి ఏసీ కట్టేసి ఇంటికి పోతారు. గది 34 డిగ్రీలకి పోతుంది. వేడి పెరిగితే లైసోజైమ్ ఎక్కువ కరుగుతుంది, పెరిగిన స్ఫటికం కొంత కరిగి మళ్ళీ పెరుగుతుంది, అంచులు మొద్దుబారతాయి. 25 దాటితే స్ఫటికం రూపమే మారొచ్చు, టెట్రాగోనల్ పోయి ఆర్థోరాంబిక్ వస్తుంది. రూపం మారితే సొరంగాలూ మారతాయి. కాబట్టి ఏసీని నమ్ముకోకండి, ఇంక్యుబేటర్ వాడండి.

తెల్లారాక స్ఫటికాలు అడుగున కూర్చుంటాయి. ఇప్పుడు ముడివేయాలి. గ్లూటరాల్డిహైడ్ రెండు కొసల్లోనూ ఆల్డిహైడ్ ఉన్న చిన్న అణువు. ప్రోటీన్లో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం తోక చివర ఉన్న అమైన్‌ని పట్టుకుంటుంది. లైసోజైమ్‌లో లైసిన్లు 6. కానీ పిహెచ్ 4.6లో ఆ అమైన్లన్నీ ప్రోటాన్ ఎక్కించుకుని ఉంటాయి, పట్టుకోవడం నెమ్మది. ముడి పడకపోదు, గంటల పని అవుతుంది. అందుకని పిహెచ్ 7 దగ్గరికి తేవాలి. ఎలా? పైన తేటని తీసేసి, 10 శాతం ఉప్పున్న 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్ పోసి, మూడుసార్లు, మెల్లగా. ఉప్పు ఎందుకు రెట్టింపు? ముడి పడేలోపు స్ఫటికం కరగకుండా.

ట్రిస్ బఫర్ పోయొచ్చా? ఎవరైనా చెప్పండి... అదే, పోయకూడదు. ట్రిస్‌లో అమైన్ ఉంది. మీరు పోసిన గ్లూటరాల్డిహైడ్ ముందు దాన్నే పట్టుకుంటుంది. ఫాస్ఫేట్ అయినా హెపెస్ అయినా సరే, ట్రిస్ వద్దు. ఇంతకన్నా ఘోరమైన తప్పు అమ్మోనియం సల్ఫేట్. ప్రోటీన్ స్ఫటికాలు పెంచేవాళ్ళకి అది అన్నం లాంటిది, చాలామంది దాన్నే వాడతారు. లెక్క చూడండి. 1 శాతం గ్లూటరాల్డిహైడ్ అంటే 0.1 మోలార్, రెండు కొసలూ కలిపి 0.2. రెండు మోలార్ అమ్మోనియం సల్ఫేట్‌లో అమ్మోనియం 4 మోలార్. ఇరవై రెట్లు! మీ లైసిన్లు ఎంత? పది మిల్లీమోలార్. ఎవరి వంతు ముందొస్తుంది? గొట్టంలో నీళ్ళు పసుపు తిరుగుతాయి, ముడిపడిందని సంబరపడతారు, మంచినీళ్ళలో వేయగానే స్ఫటికాలు మాయం. అందుకే ముడివేసే ముందు ఆ ఉప్పుని మార్చేయాలి. సోడియం సల్ఫేట్‌కో, పీఈజీకో (పాలిథిలీన్ గ్లైకాల్), స్ఫటికం ఏది తట్టుకుంటే దానికి.

ఎంత పోయాలి? మన దగ్గర 10 మిల్లీలీటర్లుంది, బాటిల్లో 25 శాతం. చివరికి 1 శాతం రావాలంటే 0.42 మిల్లీలీటర్లు. నాలుగు భాగాలు చేసి, పావుగంటకో భాగం. ఒకేసారి చుక్క నేరుగా స్ఫటికం మీద పడితే పైపొర గట్టిపడి బీటలు తీస్తుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. అట్టు పైన మాడి లోపల పిండి మిగిలినట్టు. తిప్పడానికి మాగ్నెటిక్ బార్ వాడొద్దు, ఎందుకో తర్వాత చెబుతాను. గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేసే రొటేటర్ చాలు.

బాటిల్ మాట. పాత గ్లూటరాల్డిహైడ్ తనలో తాను అతుక్కుని పోగులు పడుతుంది. ఎప్పటిదో తెలియని బాటిల్‌తో పని మొదలుపెట్టకండి, తెరిచిన తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆస్పత్రుల్లో పరికరాలు శుభ్రం చేసే 2 శాతం ద్రావణం దొరుకుతుంది కదా, అది చవక అని తేకండి. అందులో పనికిమాలినవి ఇంకేవో కలిపి ఉంటాయి. ఇంకొకటి, దాని ఆవిరి కళ్ళకీ ఊపిరితిత్తులకీ చేటు, కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. ఫ్యూమ్ హుడ్‌లోనే, నైట్రైల్ గ్లవ్స్‌తోనే.

ముడి పడిందో లేదో తెలిసేదెలా? గంటకి ఒకసారి 50 మైక్రోలీటర్లు తీసి, ఉప్పునీళ్ళ బఫర్‌తో రెండుసార్లు కడిగి, 1 మిల్లీలీటర్ మంచినీళ్ళలో వేయండి. అరగంట తర్వాత పైన తేటని 280 నానోమీటర్ల దగ్గర చదవండి. ప్రోటీన్ కారకపోతే ముడి పడినట్టే. కడగడం ఎందుకన్నాను? గ్లూటరాల్డిహైడ్ కూడా 280 దగ్గరే కాంతిని మింగుతుంది. కడగకపోతే ముడిపడ్డ స్ఫటికం కూడా కారిపోతున్నట్టు కనపడుతుంది, మీరు ఇంకా మందు పోస్తారు, ఎంజైమ్ చస్తుంది. అవును, ఎక్కువైతే చస్తుంది. పని జరిగే గాడిలో లైసిన్ ఉన్న ఎంజైమ్ అయితే ముందు అదే దెబ్బతింటుంది. అలాంటి వాటికి ముడివేసేటప్పుడు ఎంజైముని ఆపి ఉంచే ఇన్హిబిటర్‌నో సబ్‌స్ట్రేట్ పోలికనో గాడిలో కూర్చోబెట్టి, తర్వాత కడిగేస్తారు. లేదా గ్లూటరాల్డిహైడ్ మానేసి, పీరియోడేట్‌తో ఆక్సీకరించిన డెక్స్‌ట్రాన్ వాడతారు. అది పెద్ద అణువు, గాడిలోకి దూరదు. పెద్దదైతే ఇంకో చిక్కుంది కదా? సన్నటి సొరంగంలోకీ దూరదు. అన్నిటికీ దారి ఒకటే అన్నాను, చూశారా!

ముడి పడ్డాక 1 మోలార్ గ్లైసిన్ పోసి గంట ఉంచండి, పిహెచ్ 8. ఇప్పుడు ట్రిస్ పోసినా సరే, ఇందాక వద్దన్నది ఇప్పుడు కావాలి. మిగిలిపోయిన ఆల్డిహైడ్ కొసల్ని మూసేయకపోతే స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండకడతాయి.

మరి పని చేస్తోందా?

ఇక్కడ చాలామంది బోర్లాపడతారు. ఇంత కష్టపడి కట్టిన లైసోజైమ్ స్ఫటికాన్ని తీసుకెళ్ళి మామూలు పరీక్షలో పెడతారు. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా కణాల మసక ద్రావణం, అది తేరుకుంటే ఎంజైమ్ పనిచేసినట్టు. తేరుకోదు. ఎంజైమ్ చచ్చిందా? చావలేదు! బ్యాక్టీరియా కణం సుమారు ఒక మైక్రాన్, అంటే 1000 నానోమీటర్లు. సొరంగం ఒకటి, రెండు నానోమీటర్లు. ఎలుక కలుగులోకి ఏనుగుని తోలితే వెళ్తుందా? పైపొరలో ఉన్న కాసిని అణువులే పనిచేస్తాయి. చిన్న చక్కెర గొలుసుకి మెరిసే తోక తగిలించిన సబ్‌స్ట్రేట్లు ఉంటాయి, దానితో కొలవండి. అప్పటికీ పూర్తిగా రాదు, ఎందుకంటే టెట్రాగోనల్ సర్దుబాటులో ఒక అణువు గాడిలో కొంత భాగాన్ని పక్క అణువు మూసేసి ఉంటుంది. కాబట్టి లైసోజైమ్ మీద చేతులు సాధన చేయండి, దానితో వ్యాపారం చేయకండి. గ్లూకోజ్‌ని ఫ్రక్టోజ్ చేసే గ్లూకోజ్ ఐసోమరేజ్, పెన్సిలిన్ జి నుంచి 6-ఏపీఏ (కొత్త పెన్సిలిన్ల తయారీకి మూలపదార్థం) తీసే పెన్సిలిన్ ఎసైలేజ్, ఇవీ దీనికి తగినవి. సబ్‌స్ట్రేట్ చిన్నది, దూరిపోతుంది.

దూరగలిగినా ఎంతసేపట్లో? దూరానికి వర్గంగా పెరుగుతుంది ఆ సమయం. స్ఫటికాన్ని పదో వంతు చిన్నది చేస్తే, మధ్య దాకా వెళ్ళే సమయం వందో వంతు అవుతుంది. ఎక్స్‌రే వాళ్ళకి ఒక్క పెద్ద స్ఫటికం కావాలి. మనకి అక్కర్లేదు. మనకి కావాల్సింది పెద్ద స్ఫటికానికి విరోధి: అన్నీ ఒకే సైజులో ఉన్న చిన్నచిన్నవి, కొన్ని మైక్రాన్లు. మరీ చిన్నవైతే వడకట్టడం కుదరదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. బాగా నూరిన పాత స్ఫటికాల విత్తనం వేసి, తిప్పుతూ పెంచితే అలాంటివి వస్తాయి.

పెన్సిలిన్ ఎసైలేజ్‌లో ఇంకో తిరకాసు. పని జరిగినకొద్దీ ఫినైల్ ఎసిటిక్ యాసిడ్ పుడుతుంది. మీరు బయట పిహెచ్ మీటర్ చూస్తూ క్షారం పోస్తుంటారు, మీటర్ 8 చూపిస్తుంది. స్ఫటికం మధ్యలో ఎంత? అక్కడ పుట్టిన ఆమ్లం బయటికి రావాలిగా, అది రాలేకపోతే మధ్యలో పుల్లబడి ఎంజైమ్ మందగిస్తుంది. మీటర్‌కి ఆ సంగతి తెలియదు. స్ఫటికం చిన్నదిగా, బఫర్ కాస్త చిక్కగా ఉంచడమే మందు.

ఇక కొలత. ఎంజైమ్ చేసే పనిని యూనిట్లలో కొలుస్తారు. ఉదాహరణకి 100 యూనిట్లతో మొదలుపెట్టారనుకుందాం. కడిగిన నీళ్ళలో 15 వచ్చింది, స్ఫటికాల్లో 40. మిగిలిన 45 ఏమైంది? ‘చచ్చింది’ అని రాసేస్తారు. ఆగండి. ఆ స్ఫటికాల్ని చిన్న రోట్లో నూరి మళ్ళీ కొలవండి. 75 వచ్చిందనుకోండి, అప్పుడు చచ్చింది 10 మాత్రమే. 35 లోపల ఆకలితో కూర్చుంది, సబ్‌స్ట్రేట్ అందక. ఈ రెండిటికీ మందు వేరు. చస్తే గ్లూటరాల్డిహైడ్ తగ్గించాలి, ఆకలైతే సైజు తగ్గించాలి.

మాగ్నెటిక్ బార్ సంగతి ఇప్పుడు చెబుతాను. అది అడుగున తిరుగుతూ స్ఫటికాల్ని తిరగలిలా నూరుతుంది. మొదటిసారి 40 యూనిట్లు, మూడోసారి 50, ఆరోసారి 60! వాడేకొద్దీ ఎంజైమ్ బలపడుతోందట! పేపరు రాసేద్దామనిపిస్తుంది. మైక్రోస్కోపు కింద పెట్టండి, అంతా పొడి. పదోసారికి ఆ పొడి ఫిల్టర్లోంచి జారిపోతుంది. పైనుంచి తిరిగే తెడ్డు వాడండి, ప్రతిసారీ ఒక చుక్క మైక్రోస్కోపులో చూడండి.

కారిపోతోందేమో కూడా చూడాలి. రియాక్షన్ సగంలో ఉండగా వడకట్టి, ఆ తేటని అలా ఉంచండి. తేటలో రియాక్షన్ ఆగిపోతే సరే. ఆగకుండా నడుస్తుంటే పనిచేస్తోంది మీ స్ఫటికం కాదు, కారిపోయిన ఎంజైమ్.

‘ఇంత చక్కగా ఉంటే ఎక్కడ చూసినా ఇదే ఎందుకు లేదు?’ అని అడగాలి మీరు. ఎందుకంటే స్ఫటికం కావాలంటే ఎంజైమ్ శుద్ధంగా ఉండాలి. శుద్ధి చేయడానికే డబ్బంతా అయిపోతుంది. 2000లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో రోజర్ షెల్డన్ బృందం ఒక అడ్డదారి చూపించింది. స్ఫటికమెందుకు, ఎంజైముని ఉప్పుతోనో ఆల్కహాల్‌తోనో ముద్దగా దించి, ఆ ముద్దకే ముళ్ళు వేసేయండి అని. క్రాస్‌లింక్డ్ ఎంజైమ్ ఎగ్రిగేట్స్, పొట్టిగా సీఎల్ఈఏ. శుద్ధి చేయని ఎంజైముతోనే చేయొచ్చు, శుద్ధీ ముడీ ఒకే గిన్నెలో. అమ్మోనియం సల్ఫేట్‌తో దించి గ్లూటరాల్డిహైడ్ పోయడం అందులో మామూలే, ఇందాక నేను తిట్టిందాన్నే. నడుస్తుంది, కానీ మందులో కొంత ఆ ఉప్పుకి పోతుందని తెలిసి మోతాదు వెతుక్కోవాలి. నా మాటగా అడిగితే, మామూలు పనికి ముందు సీఎల్ఈఏ చేసి చూడండి. ముద్దలో కుదరక, లోపల సొరంగం ఒకే తీరుగా ఉండి తీరాలన్నప్పుడు స్ఫటికం దాకా రండి.

దాచడం. 4 డిగ్రీల్లో, బఫర్లో, తడిగా. ఫ్రీజర్‌లో పెట్టకండి, సొరంగాల్లో నీళ్ళు గడ్డకట్టి స్ఫటికాన్ని లోపలినుంచి చీలుస్తాయి. గాలికి ఆరబెట్టినా అంతే. బూజు పట్టకుండా 0.02 శాతం సోడియం అజైడ్ వేస్తారు. లోహం మీద ఆధారపడే ఎంజైమ్ అయితే అజైడ్ ఆ లోహాన్ని పట్టుకోవచ్చు, వాడే ముందు బాగా కడగండి.

పక్క గదిలో మూడు మైక్రోస్కోపులు పెట్టారు. మొదటిది ముడివేయని స్ఫటికాలు, రెండోది ముడివేసినవి, కాస్త పసుపుగా ఉంటాయి. మూడో దాంట్లో మిథిలీన్ బ్లూ. మొదటి రెండిట్లోనూ మీరే ఒక చుక్క నీళ్ళు వేసి చూడండి. త్వరగా వెళ్ళండి, లైటు వేడికి చుక్క ఆరిపోతోంది. ఆరితే అంచున చతురస్రాలు చతురస్రాలుగా కడతాయి, అది ఉప్పు.